ఒంటరి వేటగాడికి తేలికపాటి గుడారం

ప్రశ్న: కొలరాడో కొండల్లో సెప్టెంబరులో ఎల్క్ వేటకు ఒంటరిగా వెళ్లేవారు ఎలాంటి గుడారం ఎంచుకోవాలి?

జవాబు: రాకీ పర్వతాలలో 10,000 అడుగులకు పైన సెప్టెంబరులోనే మంచు కురవవచ్చు కనుక, గుడారం కిలోకు మించకుండా ఉండటం ఎంత అవసరమో, తడిమంచు బరువుకు కుంగకుండా నిలవడం అంతకన్నా అవసరం. ఎముకలు తీసివేసిన ఎల్క్ మాంసమే 80 కిలోలు దాటవచ్చునని, దానిని విడతలుగా వీపున మోయాలని తలచుకుంటే ప్రతి వంద గ్రాముల విలువా తెలుస్తుంది.

నడకకర్రలనే స్తంభాలుగా నిలిపే గుడారాలు తేలికైనవే గాని, పగలు వేటగాడు ఆ కర్రలను వెంట తీసుకుపోతే గుడారం నేలకూలుతుంది. శిబిరాన్ని కదపదలచనివారు దానికోసమే ఒక కార్బన్ కర్రను అదనంగా ఉంచుకోవడం మేలు. వస్త్రం విషయానికి వస్తే, సిల్‌నైలాన్, అనగా సిలికాన్ పూసిన నైలాన్, తడిస్తే సాగి వదులవుతుంది గనుక అర్ధరాత్రి లేచి తాళ్లు బిగించవలసి వస్తుంది. సిలికాన్ పూసిన పాలియెస్టర్‌కు ఆ బాధ తక్కువ కావడంతో చాలామందికి అదే సరైన ఎంపిక. డైనీమా మిశ్రమ వస్త్రం దాదాపు సాగదు, నీరు పీల్చదు, కానీ ధర చాలా ఎక్కువ.

ఒకే పొర గల గుడారాలలో ఊపిరి ఆవిరి లోపలి గోడపై నీటి బిందువులై, పాదాల వద్ద గోడకు తగిలే స్లీపింగ్ బ్యాగును తడుపుతుంది. తడిసిన ఈకల బ్యాగు వెచ్చదనాన్ని నిలుపలేదు. అందువల్ల కొనేముందు లోపల కాళ్లు చాపి పడుకుని, కాలివేళ్లకూ గోడకూ మధ్య జానెడు ఖాళీ ఉందో లేదో చూడాలి. మాంసాన్ని మాత్రం గుడారంలో గాని చేరువలో గాని ఉంచరాదు. ఎలుగుబంట్లు తిరిగే ఆ అడవులలో దానిని దూరంగా, ఎత్తైన కొమ్మకు వేలాడదీయాలి.