తొంభై సెకన్ల పరీక్ష

పాఠ్యభాగ ఉద్దేశం: జ్ఞానంలో సమానులైన ఇద్దరు తలపడినప్పుడు గెలుపును నిర్ణయించే అంశాలేవో తెలియజేయడం, పదాల పుట్టుకను గురించిన పరిజ్ఞానం భాషాధ్యయనానికి ఏ విధంగా తోడ్పడుతుందో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

విద్వత్తును నలుగురి ఎదుట పరీక్షకు నిలపడం తెలుగువారికి కొత్త కాదు. రాజాస్థానాలలో జరిగిన పండిత వాదాలు, సభలలో జరిగిన అవధానాలు అటువంటి పరీక్షలే. టెలివిజన్ ఇంటింటికీ వచ్చిన తరువాత ఆ సభామండపం చిన్న తెరలో ఇమిడిపోయింది. 2000 జూలైలో అమితాబ్ బచ్చన్ నిర్వహణలో ప్రారంభమైన ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ ప్రశ్నోత్తర కార్యక్రమాలకు దేశమంతటా ఆదరణ తెచ్చిపెట్టింది. మరుసటి సంవత్సరం బాలల కోసం నిర్వహించిన పోటీలో, అప్పుడు విశాఖపట్నంలో చదువుకుంటున్న పద్నాలుగేళ్ల రవిమోహన్ సైనీ పదిహేను ప్రశ్నలకూ సరైన సమాధానాలు చెప్పి కోటి రూపాయల బహుమతి గెలుచుకున్నాడు. అనంతర కాలంలో ఆయన ఐ.పి.ఎస్. అధికారి అయ్యారు. తెలుగులో ఇదే కోవకు చెందిన ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ 2014లో నాగార్జున నిర్వహణలో ఆరంభమైంది.

ఈ కార్యక్రమాలలో అభ్యర్థికి ప్రధాన ప్రత్యర్థి ప్రశ్నయే. ఇద్దరు సమవుజ్జీలు ఒకే వేదికపై నిలిచి, ఒకరి తప్పు మరొకరికి అవకాశంగా మారే పోటీలు మరొక రకానికి చెందినవి. వాటిలో ప్రపంచ ప్రసిద్ధి పొందినది అమెరికాలో జరిగే జాతీయ స్పెల్లింగ్ బీ. 1925లో మొదలైన ఈ అక్షరక్రమ పోటీ 2025 నాటికి నూరేళ్లు పూర్తిచేసుకుంది. దీని తుది ఘట్టాన్ని టెలివిజన్‌లో ప్రసారం చేస్తారు. 1985లో బాలు నటరాజన్ విజేతగా నిలిచి, భారత సంతతి బాలలకు మార్గం చూపాడు. రత్నం చిట్టూరి 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ 1993 నుండి అక్కడి భారతీయ బాలలకు ఇటువంటి పోటీలు నిర్వహిస్తూ, భారతదేశంలోని పేద విద్యార్థులకు ఉపకార వేతనాలు అందిస్తోంది. ఆ విధంగా అక్కడి పిల్లల పోటీ ఇక్కడి పిల్లల చదువుకు ఆసరా అయింది.

ఆంగ్లంలో ఉచ్చారణకూ లేఖనానికీ పొత్తు తక్కువ. ఆ భాష గ్రీకు, లాటిన్, ఫ్రెంచి, జర్మన్ మొదలైన అనేక భాషల నుండి పదాలను స్వీకరించి, చాలావరకు ఆయా భాషల వర్ణక్రమాలనే నిలుపుకొంది. అందువల్ల పదాన్ని విన్నంత మాత్రాన దాని అక్షరాలు తెలియవు. ఈ ఇబ్బందిని గుర్తించిన నిర్వాహకులు పోటీదారునికి ఒక వెసులుబాటు కల్పించారు. అతడు సమాధానం చెప్పే ముందు పదానికి అర్థమేమిటి, అది ఏ భాష నుండి వచ్చింది, ఏ భాషాభాగానికి చెందుతుంది, వాక్యంలో ఎలా ప్రయోగిస్తారు అని అడగవచ్చు. అంటే ఈ పోటీలో ప్రశ్నలు వేసే హక్కు పోటీదారునికి కూడా ఉంది. ఆ హక్కును వాడుకోవడంలోనే అతని నేర్పు బయటపడుతుంది.

సమవుజ్జీల పోరు ఎంత తీవ్రంగా ఉంటుందో చెప్పడానికి 2016 మే 26న జరిగిన తుది పోటీ చక్కని ఉదాహరణ. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన పదమూడేళ్ల జైరాం హత్వార్, టెక్సాస్‌కు చెందిన పదకొండేళ్ల తెలుగు సంతతి బాలుడు నిహార్ జంగా చివరికి మిగిలారు. జైరాం రెండుసార్లు తప్పు చెప్పాడు. ఆ రెండు సందర్భాలలోను నిహార్‌కు విజయం చేతికందినట్లే అంది జారిపోయింది. ఎందుకంటే ఆ వెంటనే అతడూ తప్పు చెప్పాడు. నియమిత ఆవృత్తులు ముగిసేసరికి ఇద్దరూ సమానంగా నిలవడంతో ఇద్దరినీ విజేతలుగా ప్రకటించారు. నిహార్ అంతటితో ఆగక, 2019లో జాతీయ స్థాయి భూగోళశాస్త్ర పోటీ అయిన జియో బీలోనూ విజేత అయ్యాడు.

2014, 2015, 2016 సంవత్సరాలలో వరుసగా ఇద్దరేసి విజేతలు ఏర్పడ్డారు. 2019లోనైతే ఏకంగా ఎనిమిది మంది సమంగా నిలిచారు. పిల్లల సామర్థ్యం పోటీ నియమాలను మించిపోయిందని నిర్వాహకులకు అర్థమైంది. అందుచేత 2021లో ఒక కొత్త నియమాన్ని ప్రవేశపెట్టారు. సమానబలులను విడదీయవలసి వస్తే, ఒక్కొక్కరికి తొంభై సెకన్లు మాత్రమే ఇస్తారు. ఇద్దరికీ అవే పదాలు, అదే క్రమంలో వస్తాయి. మొదటివాడు చెబుతున్నప్పుడు రెండవవాడిని ఆ మాటలు వినబడని చోట ఉంచుతారు. ఎక్కువ పదాలకు సరైన అక్షరక్రమం చెప్పినవారే విజేత. ఈ నియమం 2022లో మొదటిసారి ఆచరణలోకి వచ్చింది. ఆ సంవత్సరం హరిణి లోగన్, విక్రమ్ రాజు అనే భారత సంతతి బాలలు తలపడగా హరిణి గెలిచింది.

రెండవసారి ఈ పరీక్ష 2024 మే 30న జరిగింది. మేరీలాండ్ రాష్ట్రంలోని నేషనల్ హార్బర్‌లో ఎనిమిది మంది తుది పోటీకి చేరగా, చివరికి బృహత్ సోమ, ఫైజాన్ జాకీ మిగిలారు. ఇద్దరికీ పన్నెండేళ్లే. ఫ్లోరిడాలో ఏడవ తరగతి చదువుతున్న బృహత్ తెలుగు కుటుంబానికి చెందినవాడు. మొదట వేదికపై నిలిచిన బృహత్ తొంభై సెకన్లలో 30 పదాలను ఎదుర్కొని 29 పదాలకు సరైన అక్షరక్రమం చెప్పాడు. తరువాత వచ్చిన ఫైజాన్ 25 పదాలను ఎదుర్కొని 20 పదాలను సరిగా చెప్పాడు. ఫైజాన్ సంఖ్యను దాటించిన ఇరవై ఒకటవ పదం ‘అబ్‌సెయిల్’ బృహత్‌కు విజయపదంగా నమోదైంది. జర్మన్ నుండి వచ్చిన ఆ మాటకు తాడు సాయంతో కొండచరియ మీది నుండి దిగడమని అర్థం.

తొంభై సెకన్లలో ముప్పది పదాలంటే ఒక్కొక్క పదానికి మూడే మూడు సెకన్లు. పదాన్ని వినడం, గుర్తించడం, అక్షరాలు పలకడం అన్నీ అందులోనే జరగాలి. అర్థమడగడానికి గాని, పుట్టుక విచారించడానికి గాని అక్కడ వ్యవధి లేదు. ఇంతటి వేగం ఆ రాత్రి అకస్మాత్తుగా అబ్బినది కాదు. బృహత్ 2022లో 163వ స్థానంలోను, 2023లో 74వ స్థానంలోను నిలిచి వెనుదిరిగినవాడు. మూడవ ప్రయత్నానికి ముందు ఆరు నెలలపాటు ఈ తొంభై సెకన్ల ఘట్టాన్ని ప్రతిదినం సాధన చేశాడు. అటువంటి ఘట్టం వస్తుందో రాదో తెలియకుండానే దానికి సిద్ధపడ్డాడు.

ఓడిన ఫైజాన్ కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. ఏడేళ్ల వయసులోనే 2019 పోటీకి వచ్చిన ఆ బాలుడు, 2024లో రెండవ స్థానం పొంది, 2025లో తిరిగి వేదిక ఎక్కాడు. ముగ్గురు మిగిలిన దశలో తక్కిన ఇద్దరూ తప్పు చెప్పారు. ఒక మలుపు దాటితే విజయం అతనిదే. అప్పుడు అతనికి ‘కమెలీనా’ అనే పదం వచ్చింది. అది ఒక మొక్కల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ పేరు. ఫైజాన్ అర్థమడగలేదు, పుట్టుక అడగలేదు. అమితోత్సాహంతో ‘కె’ అనే అక్షరంతో మొదలుపెట్టి, వెంటనే నాలుక కరుచుకున్నాడు. కాని నోటి నుండి వెలువడిన అక్షరం వెనక్కి రాదు. ఆ పేరు లాటిన్‌దని అడిగి తెలుసుకొని ఉంటే, మొదటి అక్షరం ‘సి’ కావచ్చునన్న ఊహ అతనికి తప్పక కలిగేది. అదృష్టవశాత్తు ముగ్గురూ తప్పినందున ముగ్గురికీ మరల అవకాశం లభించింది. తుదకు, స్పష్టపరచడమనే అర్థమిచ్చే ‘ఎక్లెర్‌సీస్‌మాఁ’ అనే ఫ్రెంచి పదంతో అతడే విజేత అయ్యాడు.

ఈ రెండు పోటీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సత్యం బోధపడుతుంది. సమవుజ్జీల పోరులో తెలిసినవాడు, తెలియనివాడు అన్న భేదం ఉండదు. ఇద్దరూ తెలిసినవారే. తెలిసినదానిని ఆ క్షణంలో చెదరకుండా నిలుపుకోగలిగినవాడిదే గెలుపు. వ్యవధి ఉన్నచోట అడిగి ఆలోచించడం, వ్యవధి లేనిచోట అభ్యాసబలంతో చెప్పడం, ఈ రెండూ వేర్వేరు విద్యలు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండవది దానంతటదే రాదు.

తెలుగువారి అవధాన విద్య ఈ రెండింటినీ ఒకేచోట కోరుతుంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది విధాల ప్రశ్నలతో అవధానిని చుట్టుముడతారు. ఒకరికి ఒక పాదం చెప్పి మరొకరి వైపు మరలుతూ, అవధాని పద్యాలను ఆవృత్తులవారీగా పూరిస్తాడు. నడుమ అప్రస్తుత ప్రసంగి ఏకాగ్రతను భంగపరచజూస్తూనే ఉంటాడు. చివరకు పద్యాలన్నింటినీ తడుముకోకుండా అప్పగించడాన్ని ధారణ అంటారు. తిరుపతి వేంకట కవులు, కొప్పరపు సోదర కవులు ఈ రంగంలో సాటిలేనివారుగా పేరొందారు. ఆ రెండు జంటల నడుమ సాగిన స్పర్ధ తెలుగు సాహిత్య చరిత్రలో ప్రసిద్ధం. ఆ స్పర్ధ వల్ల ఏ పక్షం ప్రతిభా తగ్గలేదు. ఇరువురి కీర్తీ నిలిచింది.

తెలుగు లిపి ఉచ్చారణను అనుసరించేది కాబట్టి తెలుగులో అక్షరక్రమ పోటీకి చోటు లేదని తోచవచ్చు. నిజానికి అల్పప్రాణ మహాప్రాణాల వద్ద చాలామంది తడబడతారు. ‘బాధ’ను ‘భాద’ అనీ, ‘విద్యార్థి’ని ‘విధ్యార్థి’ అనీ రాయడం తరచు కనిపిస్తుంది. ‘బహుమతి ప్రదానం’ అనవలసిన చోట ‘బహుమతి ప్రధానం’ అని రాసేవారూ ఉన్నారు. ‘దా’ ధాతువుకు ఇవ్వడమని అర్థం కనుక, ఇచ్చే సందర్భంలో ‘ప్రదానం’ అనడమే సరి. ‘ప్రధానం’ అంటే ముఖ్యమైనది. ‘విద్’ ధాతువుకు తెలియడమని అర్థం. ‘విద్య’ దాని నుండి పుట్టింది కనుక అందులో ఒత్తు దకారం రాదు. పదం ఎక్కడ పుట్టిందో ఒక్కసారి విచారిస్తే తప్పు దానంతటదే తొలగిపోతుంది. అమెరికా వేదికపై బాలుడు అడిగే ప్రశ్న, తెలుగు విద్యార్థి తన నోటుపుస్తకం ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే.

నర్సీపట్నం సమీపంలోని రోలుగుంటలో ఇంటర్మీడియట్ చదివే విద్యార్థి టెలివిజన్ పోటీకి వెళ్లకపోవచ్చు. కాని సమవుజ్జీల పోరు అతనికీ తప్పదు. ఇంజనీరింగ్ ప్రవేశానికి రాసే ఈఏపీసెట్‌లో 180 నిమిషాలలో 160 ప్రశ్నలకు సమాధానాలు గుర్తించాలి. ఒక్కో ప్రశ్నకు సగటున 68 సెకన్లకు మించి లభించదు. ఒక్క మార్కు తేడాతో అనేకమంది ముందుకో వెనుకకో జరిగిపోతారు. అక్కడ ఎదురయ్యే ప్రత్యర్థి పేరు తెలియదు, ముఖం కనబడదు. అయినా 74వ స్థానం నుండి ప్రథమ స్థానానికి చేరిన బాలుడు, రెండవ స్థానంతో కుంగిపోకుండా మరుసటి ఏడు నెగ్గిన బాలుడు పాటించిన పద్ధతి అక్కడా పనికివస్తుంది. గడియారాన్ని ఎదుట పెట్టుకొని చేసిన సాధన, తొందర ముంచుకొచ్చిన వేళ ప్రశ్నను మరొక్కసారి చదివే ఓర్పు అతనికి అండగా నిలుస్తాయి.

అభ్యాసం

అ. క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. జాతీయ స్పెల్లింగ్ బీ ఏ సంవత్సరంలో మొదలైంది?
2. 2024 తుది పోటీలో బృహత్ సోమ ఎన్ని పదాలకు సరైన అక్షరక్రమం చెప్పాడు?
3. ధారణ అంటే ఏమిటి?

ఆ. క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. తొంభై సెకన్ల నియమాన్ని ప్రవేశపెట్టవలసిన అవసరం ఎందుకు కలిగింది?
2. ‘కమెలీనా’ అనే పదం వద్ద ఫైజాన్ జాకీ చేసిన పొరపాటు ఏమి బోధిస్తుంది?
3. ‘ప్రదానం’, ‘ప్రధానం’ అనే పదాల భేదాన్ని వివరించి, సొంత వాక్యాలలో ప్రయోగించండి.

ఇ. క్రింది ప్రశ్నకు వ్యాసరూప సమాధానం రాయండి.
1. స్పెల్లింగ్ బీ పోటీకీ అవధాన విద్యకూ గల సామ్యభేదాలను పాఠ్యాంశం ఆధారంగా వివరించండి.