చెవిలో మోత – నోటుబుక్కులో జవాబు

రాత్రి ఇల్లు సద్దుమణిగాక చెవిలో కీచురాయి అరిచినట్టు మోత. పక్కవారికి వినబడదు. దీన్నే టినిటస్ అంటారు. వయసుతో వినికిడి తగ్గినవారిలో, పెద్ద శబ్దాల మధ్య పనిచేసినవారిలో ఇది ఎక్కువ.

ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. మోత ఒక్క చెవిలోనే ఉన్నా, నాడితోపాటు కొట్టుకుంటున్నా, కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేయకూడదు. వినికిడి హఠాత్తుగా తగ్గితే వెంటనే వెళ్లాలి. ప్రమాదం లేదని తేలాక కూడా మోత మిగిలిపోవచ్చు. ఈ పాఠం అలాంటివారికే.

మోత ఒకటి, దాని గురించి మనసు చెప్పే మాట మరొకటి. "ఇక బతుకింతే" అని మనసు అనగానే గుండె దడ పెరుగుతుంది, ధ్యాసంతా చెవి మీదికే పోతుంది. అప్పుడు మోత ఇంకా వేధిస్తుంది.

ఆ మాటను పరీక్షించే పద్ధతికి 1960లలో అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ బాట వేశారు. అదే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీగా పెరిగింది. మోత వదలక వేధించేవారికి దీన్ని సూచించాలని అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2014 మార్గదర్శకాల్లో చెప్పింది. ఇది మోతను తగ్గించదు. మోత పెట్టే బాధను తగ్గిస్తుంది.

ఒక నోటుబుక్కు తీసుకుని ఏడు గడులు నింపాలి. ఒక దుకాణదారు రాస్తే ఇలా ఉంటుంది:

1. సందర్భం: రాత్రి 11 గంటలు, లైటు ఆర్పాను.
2. ఆలోచన: "ఈ రాత్రి నిద్ర రాదు. రేపు పని చేయలేను."
3. బాధ: భయం, 100కి 80.
4. అనుకూల ఆధారం: మొన్న రెండింటిదాకా నిద్రపట్టలేదు.
5. ఎదురు ఆధారం: ఈ వారం నాలుగు రాత్రులు నిద్రపోయాను. మొన్నటి మర్నాడు అలసటతోనే దుకాణం తెరిచాను, లెక్క తప్పలేదు. బేరాల వేళ మోత గుర్తే రాలేదు.
6. సరిచూసిన ఆలోచన: "నిద్ర ఆలస్యం కావచ్చు. అయినా రేపు నెట్టుకురాగలను."
7. ఇప్పుడు బాధ: 50.

ప్రాణం అయిదో గడిలో ఉంది. అక్కడ ఓదార్పు మాటలు కాదు, జరిగిన సంగతులే రాయాలి. ఆరో గడిలో "అంతా బాగుంది" అని రాస్తే మనసు నమ్మదు, నమ్మగలిగినంతే రాయండి. బాధ 80 నుంచి 50కి దిగినా మేలే.

రెండు జాగ్రత్తలు. మోత ఎంత పెద్దగా ఉందో గంటగంటకూ కొలవకండి. కొలిచేకొద్దీ ధ్యాస దానిమీదే నిలుస్తుంది. అర్ధరాత్రి గడులన్నీ నింపాలని కూర్చోకండి. ఆలోచన ఒక్క ముక్క రాసిపెట్టి, మిగతావి ఉదయం పూర్తిచేయండి.

చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం నోటుబుక్కు చాలదు. వెంటనే ఇంట్లోవారికి, డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.

కొన్ని వారాలు రాశాక పాత పేజీలు తిరగేయండి. "రేపు పని చేయలేను" అనుకున్న ఎన్ని రోజుల్లో నిజంగా పని ఆగిందో లెక్కపెట్టండి. ఆ లెక్క మీ చేతిరాతలోనే ఉంటుంది.