ఇంటిలోని నిస్తంత్రి తగవు

ఈశాన్య ఋతుపవనపు వానలు ముదిరి పాఠశాలలు మూసివేసిన దినములలో మేము మన పదవ తరగతి పిల్లలకు ఫోను ద్వారా తెలుగు పాఠము చెప్పుచుంటిమి. కాలాడిపేటలోని యొక బాలుని కంఠము ప్రతిదినము మధ్యాహ్నము పండ్రెండున్నర దాటినంతనే ముక్కలు ముక్కలై, కొంతసేపటికి పూర్తిగా మాయమగుచుండెను. పిలిచినను పలుకడు. మూడు దినములు చూచి, బాలునకు పాఠముపై శ్రద్ధ లేదని యెంచి, వాని తల్లికి కబురు చేసితిమి. ఆమె చెప్పిన మాట వేఱు.

«వాడి తప్పేం లేదు సార్. వాళ్ళన్న ఆ ప్లేస్టేషన్ తెచ్చి పెట్టినప్పటి నుంచి మా ఇంట్లో నెట్టు నిలవడం లేదు. రేపటి నుంచి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేస్తాను.»

అన్నట్లే చేసెను. అన్నదమ్ములకు మాటలు లేకపోయెను. మఱునాడు పండ్రెండున్నరకు బాలుని కంఠము యథాప్రకారము ముక్కలయ్యెను. ప్లేస్టేషన్ నిర్దోషి యని అప్పుడే తేలవలసినది. కాని బీరువాలో నున్నను అది యేమైన చేయుచున్నదేమో యని ఆ తల్లికి సందేహము.

తెలుగు పంతులకు ఈ గొడవ యేల యని చదువరులు అడుగవచ్చును. మేము ఒక బాలుని అశ్రద్ధపరుడంటిమి. ఇంటివారు ఒక యువకుని నిందించిరి. ఈ రెండు మాటలలో నిజమెంతయో తేల్చుట మా విధి యనిపించెను. సహోపాధ్యాయులగు భౌతికశాస్త్ర పంతులవారి ప్రక్కన కూర్చుండి మేము తెలిసికొన్న సంగతులనే ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా మాటలు చక్కబఱచుకొందము. తీగ లేకుండ వార్త నంపు విధానమును తెలుగున నిస్తంత్రి యందురు; వైర్‌లెస్ అనునదియు అదియే. ఒక సెకనులో తరంగము ఎన్ని మారులు కంపించునో ఆ సంఖ్యను మన తెలుగు పాఠ్యగ్రంథములు పౌనఃపున్యమనును. మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన కాలమున ఈ మాటను పలుకుటకే విద్యార్థులు తడబడుచుండిరి. మీ ప్రక్కయింటి తమిళ బాలుడు దీనినే «అదిర్వెణ్» అనును. ఆ మాట మనకు పరాయిది కాదు. అదిర్ అనగా మన అదురు. ఎణ్ అనగా లెక్క, మన ఎన్నుట, ఎన్నికలకు చుట్టము. అదురుల లెక్కయే పౌనఃపున్యము. ఇట్లు తలచినచో రెండు భాషలలోను మఱపునకు రాదు. ఇక ఒక యంత్రపు మాటకు వేఱొక యంత్రపు మాట అడ్డము వచ్చుటను ఈ వ్యాసమున అంతరాయ మందుము. తమిళమున కుఱుక్కీడు. కాంతి పాఠములో మీరు చదువు వ్యతికరణమునకు ఆంగ్లమున ఇదే పేరున్నను, పరీక్షలో రెండింటిని కలిపివేయకుడు.

తరంగపు పొడవు తెలియవలెనన్న కాంతివేగమును పౌనఃపున్యముచే భాగింపవలెను. ఎఫ్.ఎం. రేడియోలో 101.4 మెగాహెర్ట్‌జ్ వద్ద వినవచ్చు తరంగము పొడవు సుమారు 2.96 మీటర్లు. ఇంటిలోని వైఫై రౌటరు, ప్లేస్టేషన్ చేతిమీట, చెవిలో పెట్టుకొను తీగలేని పాటల యంత్రము, ఇవి యన్నియు 2400 మెగాహెర్ట్‌జ్ ప్రాంతమున పలుకును. 30,00,00,000 మీటర్లను 245,00,00,000 చే భాగించి చూడుడు: 12 సెంటీమీటర్లకు కొంచెము మించును. మీ జానెడు కంటె తక్కువ. వంటయింటి మైక్రోవేవ్ ఓవెన్ కూడ సుమారు 2450 మెగాహెర్ట్‌జ్ వద్దనే పనిచేయును. తగవునకు మూలమిదియే.

ఇన్ని యంత్రములు ఒక్కచోటనే యేల గుమిగూడెను? దీనికి పోరంబోకు భూమిని తలచుకొనుడు. మన తిరువొత్తియూరువారికి పట్టాభూమికిని పోరంబోకునకును భేదము చెప్ప నక్కఱలేదు. టెలిఫోను కంపెనీలు వేలములో కోట్ల రూపాయలు చెల్లించి కొనుకొన్న పౌనఃపున్యములు పట్టాభూములు; అందు పరుల యంత్రము పలుకరాదు. 1947లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశమున పరిశ్రమలకును, శాస్త్రమునకును, వైద్యమునకును కొన్ని పౌనఃపున్యములను విడిచిపెట్టిరి. వేడిచేయు యంత్రములు అచ్చట ఎంత అల్లరి చేసినను వార్తాప్రసారము చేయువారు ఓర్చుకొనవలెను. అట్టి అల్లరి చోటని ఇతరులు వదలివేసిన భూమిలోనే తరువాతి కాలమున వైఫై గుడిసెలు లేచెను. భారత ప్రభుత్వము 2005 జనవరిలో నియమములు చేసి, 2400 మొదలు 2483.5 మెగాహెర్ట్‌జ్ వఱకు తక్కువ శక్తిగల యంత్రములను లైసెన్సు లేకుండ వాడుకొన వచ్చుననెను. ఆ నియమములలోని షరతులు తల్లిదండ్రులు గమనింపదగినవి: ఒకరు ఇతరులకు అంతరాయము కలిగింపరాదు, తమకు అంతరాయము కలిగెనని రక్షణ కోరరాదు, అందఱును పంచుకొని వాడుకొనవలెను. కావున ప్రక్కయింటి రౌటరు మన ఇంటి పాఠమును చెడగొట్టినదని ఫిర్యాదు చేయుటకు చట్టమున చోటు లేదు. ఒకప్పుడు ఇంటిలో రేడియో పెట్టె వినుటకే లైసెన్సు పుచ్చుకొనవలసి యుండెను. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బువారు ప్రసారము లారంభించినపుడు నగరమంతటికిని ఒక్క కంఠము. నేడు ఒక్క ఇంటిలోనే పది పలుకుచున్నవి.

పంచుకొనుటలో ఒక్కొక్క యంత్రపు స్వభావ మొక్కొక్క విధము. వైఫై మర్యాద తెలిసినది. పలుకుటకు ముందు చెవియొగ్గి వినును; ఎవరైన పలుకుచున్నచో ఊరకుండి, వారు ముగించిన పిదప కొంచెమాగి తాను పలుకును. అందఱును వైఫైవారే యైనచో పని నెమ్మదించునే గాని చెడదు. ఈ 83.5 మెగాహెర్ట్‌జ్‌ల వెడల్పులో మనకు 13 చానెళ్ళు చెప్పుదురు గాని, ఒక్కొక్కదానికి 20 మెగాహెర్ట్‌జ్‌ల వెడల్పు కావలెను గనుక ఒకదాని కాలు ఒకటి త్రొక్కకుండ నిలువగలవి 1, 6, 11 అను మూడు మాత్రమే.

ప్లేస్టేషన్ చేతిమీట బ్లూటూత్ అను పద్ధతిని వాడును. ఇది వినదు, గెంతును. బ్లూటూత్ వారు ఈ భూమిని ఒక్కొక్క మెగాహెర్ట్‌జ్ చొప్పున 79 గళ్ళుగా విభజించి, సెకనుకు 1600 మారులు గడి నుండి గడికి దూకుదురు. తొక్కుడుబిళ్ళ ఆడు పిల్లలను చూచినవారికి ఇది తేలికగా బోధపడును. ఒక గడిలో ఇంకొకరు అడ్డు వచ్చినను తరువాతి గడిలో మాట నెగ్గును. 2003లో వచ్చిన మార్పు వలన, చెడ్డ గళ్ళను గుర్తించి వానిని వదలి దూకుటయు నేర్చెను. గెంతు పద్ధతికి పేటెంటు పొందినవారిలో హాలీవుడ్ నటి హెడీ లమార్ ఒకరు. ఆమెయు, జార్జి ఆంథైల్ అను సంగీతకారుడును 1942లో 88 పౌనఃపున్యముల నడుమ దూకు ఏర్పాటునకు పేటెంటు పొందిరి. పియానోకు 88 మెట్లుండుట ఆంథైల్ మఱచినవాడు కాడు. శత్రువులు టార్పెడోను దారి తప్పింపకుండుటకు వారు చేసిన యోచన యిది. నాడు పెద్దలు దానిని పట్టించుకొనలేదు.

మైక్రోవేవ్ ఓవెన్ వినదు, గెంతదు. దానికి వార్తతో పనియే లేదు. లోపల ఎనిమిది వందల వాట్ల వంతున అన్నమును వేడి చేయుచుండును. రౌటరు పలుకునది సాధారణముగా వాటులో పదియవ వంతు. ఓవెన్ తలుపు సందులనుండి చిందు లవలేశమైనను ఆ బలహీనపు కంఠమును ముంచివేయును. వడివుడయమ్మన్ సన్నిధిలో, త్యాగరాజస్వామి త్రిపురసుందరిపై అయిదు తెలుగు కృతులు చెప్పిన ఆ చోటనే, ఒకరు మెల్లగా ఆ కృతి పాడుచుండగా ప్రక్కన జనరేటరు మ్రోయుట వంటిది. ఆ చిందు శరీరమునకు హానికరమా యని భయపడవలదు. ఓవెన్‌కు అయిదు సెంటీమీటర్ల దూరమున చదరపు సెంటీమీటరునకు అయిదు మిల్లీవాట్లు మించరాదని అంతర్జాతీయ ప్రమాణము కలదు. దూరము పెరిగిన కొలది అది వేగముగ తగ్గును. తలుపు వంగినదో విఱిగినదో అయినచో మాత్రము వాడరాదు. పాతతరహా ఓవెన్లు మన 50 హెర్ట్‌జ్‌ల విద్యుత్తులో సగము కాలమే చిందును: సెకనులో నూఱవ వంతు అల్లరి, నూఱవ వంతు నిశ్శబ్దము. పాఠము పూర్తిగా ఆగక ముక్కలుగా వినబడుటకు ఇదియే కారణము.

ఓవెన్ చేత మోసపోయినవారు కాలాడిపేటవారు మాత్రమే కారు. ఆస్ట్రేలియాలోని పార్క్స్ అనుచోట 64 మీటర్ల రేడియో దూరదర్శిని కలదు. 1998 నుండి అచ్చటి ఖగోళశాస్త్రజ్ఞులకు అప్పుడప్పుడు విచిత్రమగు సంకేతములు దొరకుచుండెను. అవి పగటివేళ, అందును భోజనపు వేళకు దగ్గఱగా వచ్చుట వారికి అనుమానము కలిగించెను. తుదకు 2015లో తేలినదేమనగా, అచ్చటి ఓవెన్ ఆగువఱకు ఓపిక లేనివారు నడుమనే తలుపు తెఱచుచుండిరి. ఆ క్షణమున వెలువడు చిందును దూరదర్శిని పట్టుకొనుచుండెను. పదునేడేండ్లు పట్టినది.

ప్లేస్టేషన్‌కు ఏ పాపమును లేదని మేము చెప్పబోము. అది క్రొత్త ఆటను దింపుకొనునపుడు వైఫైలో తన వంతు మాటిమాటికి పుచ్చుకొని ఇతరుల వంతులను దూరము చేయును. ఇది అంతరాయము కాదు, రద్దీ. రేషను దుకాణపు వరుసలో ఒక్కరే ఇరువది సంచులు నింపుకొనుట వంటిది. మందు వేఱు: ఆటపెట్టెను రౌటరునకు తీగతో కలిపినచో ఆ భారము గాలినుండి దిగును. మఱియొకటి, ఆటలు దాచుకొనుటకు పెట్టెకు తగిలించు యు.ఎస్.బి. 3.0 డిస్కు, దాని తీగ, 2400 మెగాహెర్ట్‌జ్ ప్రాంతమున రొదను చిందునని 2012లో ఇంటెల్ కంపెనీవారే ప్రకటించిరి. చేతిమీట మొరాయించినపుడు డిస్కును ఒక మూర దూరము జరిపి చూడవలెను.

తగవు తీర్చుటకు మేము అవలంబించిన పద్ధతి మీరును చేయదగినది. ఒక నోటుపుస్తకములో వారము దినములు కంఠము తెగిన వేళలు వ్రాయించితిమి. ఇంటిలో ఆ వేళ ఏ యంత్రము నడుచుచుండెనో ప్రక్కగడిలో వ్రాయించితిమి. పిదప ఒక్కొక్క దినము ఒక్కొక్కదానిని ఆపించితిమి. రెండింటిని ఒకేసారి ఆపరాదు. ఆపినచో దోషి యెవరో తెలియదు. నాల్గవనాటికి పుస్తకము తానే పలికెను. అన్నగారికి మధ్యాహ్నపు షిఫ్టు. ఆయన ఒంటిగంటకు బయలుదేరవలెను గనుక తల్లి పండ్రెండున్నరకు అన్నము, కూర, పులుసు వరుసగా ఓవెన్‌లో వేడిచేయుచుండెను. రౌటరు ఎక్కడనున్నదని అడుగగా వంటయింటి ఫ్రిజ్ నెత్తిమీద, ఓవెన్‌కు జానెడు దూరమున నున్నదనిరి. ఆ వేళకే తన చేతిమీటయు తడబడుచుండెననియు, తమ్ముడు నెట్టు లాగుకొనుచున్నాడని తాను వానిని తిట్టుచుంటిననియు అన్నగారు అప్పుడు బయటపెట్టిరి.

రౌటరును ముందుగదికి మార్చిరి. ప్లేస్టేషన్‌కు తీగ వేసిరి. పాఠము వినునపుడు ఫోనును 5 గిగాహెర్ట్‌జ్ వైఫైకి మార్చుకొమ్మంటిమి. 2018లో ప్రభుత్వము ఆ ప్రాంతమున ఇంకను విశాలమగు చోటు లైసెన్సు లేకుండ వదలినది, ఓవెన్ అచ్చటికి రాదు. గోడలు దాటుటలో మాత్రము అది కొంత బలహీనము, గనుక బాలుడు రౌటరున్న గదిలోనే కూర్చుండవలెను. సాయంకాలము ఏడు గంటలకు ఇప్పటికిని కొంత తడబాటు కలదు. ఫోనులో చూడగా ఆ సందులోని రౌటర్లలో పెక్కు 6వ చానెలులోనే యున్నవి. తమది 1కి మార్చుకొనిరి.

బాలుని గూర్చి మేము పంపిన కబురు తప్పని ఆ తల్లికి చెప్పితిమి. ఆమె దాని నంతగా పట్టించుకొనక, «అయితే మావాడు ఇక చల్లన్నం తిని పోవాల్నా సార్?» అని అడిగెను. అక్కఱలేదు, పండ్రెండున్నరకు ఓవెన్ ఇప్పటికిని నడుచుచున్నది, బాలుడు పాఠము వినుచున్నాడు.