కానరాని చుక్క

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వలన బడులు మూతపడెను. సెప్టెంబరు 1వ తేదీ నుండి తెలంగాణమున విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి మొదలగు ఛానెళ్లలో పాఠములు ప్రసారమగుచుండెను. వరంగల్లు ప్రాంతమున నొక పల్లెలో ఎనిమిదవ తరగతి బాలిక యొకతె యుండెను. ఆమె యింట స్మార్ట్‌ఫోను లేదు. మిద్దెపై నున్న చిన్న డిష్షే ఆమెకు బడి.

ఒకనాటి రాత్రి వీచిన గాలివానకు ఆ డిష్షు ప్రక్కకు తిరిగిపోయెను. తెల్లవారి చూడగా టీవీలో బొమ్మ లేదు. ఆనాడే గణిత పాఠము. బాలిక మిద్దె యెక్కి డిష్షును ఇటు నటు వేగముగా త్రిప్పసాగెను. క్రింద టీవీ యొద్ద కూర్చున్న తమ్ముడు, "అక్కా! నాణ్యత సున్న!" అని మాటిమాటికి కేకవేయుచుండెను. బాలిక కన్నుల నీరు నిండెను.

అంతలో తాత మిద్దెపైకి వచ్చెను. అతడు పూర్వము ఇండ్లు కట్టిన మేస్త్రి. "తల్లీ! వెదకునది ఎచ్చట నున్నదో మొదట చెప్పుము" అనెను.

బాలిక కన్నీరు తుడుచుకొని ఆలోచించెను. ఆ యింటికి ప్రసారములు జీశాట్-15 అను ఉపగ్రహము నుండి వచ్చును. 2015 నవంబరులో ప్రయోగింపబడిన ఆ ఉపగ్రహము భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమున నున్నది. భూమి తన చుట్టు తాను తిరుగు కాలములోనే అదియు భూమిని చుట్టివచ్చును గనుక, మనకు ఒకేచోట నిలిచినట్లుండును. వరంగల్లు రేఖాంశము 79.6 డిగ్రీలు. కావున ఉపగ్రహము తూర్పునకు జరిగియున్నది. భూమధ్యరేఖ మనకు దక్షిణమున నున్నది.

"తాతా! ఆగ్నేయము! మన వంటయింటి మూల, ఇంకను కొంచెము దక్షిణముగా. ఎత్తు 63 డిగ్రీలు" అని ఆమె పలికెను. డిష్షు వెనుక పట్టీపై డిగ్రీల గీతలు గలవు. అవి సరిగానే 63ను చూపుచున్నవి. అయినను సిగ్నలు లేదు!

తాత ఒక దారమునకు రాయి కట్టి స్తంభము ప్రక్కన వ్రేలాడదీసెను. స్తంభమే ఒరిగియున్నది! స్తంభము ఒరిగినచో గీతలు చెప్పు లెక్క తప్పును. ఒక్క డిగ్రీ తప్పినను అంత దూరమున చూపు 600 కిలోమీటర్లకు పైగా తొలగిపోవును.

తాత స్తంభమును నిలువుగా బిగించెను. "ఇపుడు వెండ్రుకవాసి కదిలించి ఆగుము. పెట్టెకు సిగ్నలును పోల్చుకొనుటకు కొంత వ్యవధి కావలెను. నీవు దానికా వ్యవధి నీయలేదు" అనెను. బాలిక రవ్వంత జరిపి, ఆగి, మరల జరిపెను.

"అక్కా! నలుబది... అరువది... బొమ్మ వచ్చినది!"

బోల్టులు బిగించునపుడు డిష్షు కదలకుండ తాత దానిని పట్టుకొనెను. బాలిక క్రిందికి దిగునప్పటికి పాఠము కొంత గడచియుండెను. ఆమె పుస్తకము తెరచి తక్కిన లెక్కలు వ్రాసికొనెను. నిదానమే ప్రధానమని పెద్దలూరక చెప్పలేదు.