పొదుగుకు వచ్చిన పెట్ట

రోజూ గుడ్డు పెడుతున్న నాటుకోడి ఒకనాడు గూటిలోంచి లేవదు. చెయ్యి పెడితే ఈకలు విప్పి గుర్రుమంటుంది, పొడుస్తుంది కూడా. జబ్బు చేసిందనుకోకండి. అది పొదుగుకు వచ్చింది.

అప్పుడు మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి ప్రొలాక్టిన్ అనే హార్మోనును ఎక్కువగా స్రవిస్తుంది. దాంతో అండాశయంలో పచ్చసొనలు పెరగడం నిలిచిపోయి గుడ్లు ఆగిపోతాయి. రొమ్ముకు గుడ్లు తగులుతున్నంత కాలం ఈ హార్మోను తగ్గదు. గుడ్లు తీసేసినా ఖాళీ గూటినే పట్టుకు కూర్చునే పెట్టలున్నాయి! గుడ్ల కోసం తరతరాలుగా ఏరి పెంచిన వైట్ లెగ్‌హార్న్ కోళ్లలో ఈ గుణం దాదాపు పోయింది. మన అసీలు పెట్టలలో మాత్రం బాగా ఉంది.

కోడిపిల్లలు కావాలంటే, పుంజుతో తిరిగిన పెట్టల గుడ్లు 10 లేక 12 పెట్టండి. 21 రోజులు పడుతుంది. తల్లి రోజుకు ఒకటి రెండు సార్లు, కొద్ది నిమిషాలే లేస్తుంది కాబట్టి మేత, నీళ్లు దగ్గరలోనే ఉంచాలి. లేకుంటే మరీ చిక్కిపోతుంది.

పిల్లలు వద్దనుకుంటేనో? కొందరు పెట్టను నీళ్లలో ముంచుతారు, ముక్కులో ఈక గుచ్చుతారు. ఆ హింస అనవసరం. అడుగు నుంచి గాలి ఆడేలా ఎత్తుగా పెట్టిన తీగల బోనులో, గడ్డి పరవకుండా, నీడలో మూడు నాలుగు రోజులు ఉంచండి. మేత, నీళ్లు మానకండి. రొమ్ముకు వెచ్చదనం దొరకక ప్రొలాక్టిన్ తగ్గుతుంది. అయితే మర్నాడే గుడ్డు కోసం వెదకకండి. పచ్చసొనలు మళ్లీ పెరగడానికి రెండు మూడు వారాలైనా పట్టవచ్చు.