మలేరి ఎముక, గుంజాల అక్షరం: అందరి విజ్ఞానంలో మన వాటా

సందేహాలు - సమాధానాలు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి వచ్చిన ఏడు ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం. రాసినవాళ్ల వృత్తులు వేరు, ఊళ్లు వేరు. అడిగింది మాత్రం ఒకే సంగతి చుట్టూ తిరుగుతోంది. అనేక దేశాలు కలిసి కూడబెట్టి, ఎవరైనా వాడుకోవచ్చని తలుపులు తెరిచిపెట్టిన విజ్ఞాన భాండారాల్లో మన చోటెక్కడ?

ప్రశ్న: మా ప్రాంతంలో దొరికిన డైనోసార్ గురించి 2025లో అర్జెంటీనా శాస్త్రవేత్తలు రాశారని చదివాను. మన నేలలో దొరికినదానికి వాళ్లు పేరు పెట్టడమేమిటి? మనవాళ్లకు చేతకాదా?
- బీఎస్సీ విద్యార్థిని, ఆసిఫాబాద్

జవాబు: చేతకాకపోవడం ఇందులో ఏమీ లేదమ్మా. ఆ జీవి పేరు మలేరిరాప్టర్ కుట్టీ. సుమారు 22 కోట్ల ఏళ్ల నాటిది. ఉమ్మడి ఆదిలాబాద్‌లోని మలేరి రాతిపొరల్లో, అన్నారం ఊరి దగ్గర ఆ ఎముకలను సేకరించింది కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన టి.ఎస్. కుట్టీ. ఆయన పేరే దానికి పెట్టారు. దొరికినవి తుంటి భాగం, కొన్ని వెన్నుపూసలు మాత్రమే. అంత కొద్ది ఆధారంతో జాతిని తేల్చాలంటే మంచి అస్థిపంజరాలతో పోల్చి చూడాలి. హెరెరాసార్లనే ఆ తెగకు చెందిన మేలైన అస్థిపంజరాలు అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల్లో ఉన్నాయి. ఆ కాలంలో ఈ ఖండాలన్నీ ఒకే భూభాగం కదా! అందుకే అక్కడి పరిశోధకులు, మలేరి శిలాజాలను ఎన్నో ఏళ్లుగా చదువుతున్న శంకర్ ఛటర్జీ కలిసి పనిచేశారు. దక్షిణ అమెరికాలో దొరికిన హెరెరాసార్ల కాలం తర్వాత కూడా ఈ తెగ ఇక్కడ బతికి ఉందని తేలింది. అది మలేరి ఎముకలు లోకానికి చెప్పిన కొత్త సంగతి.

ఈ కలయిక నిన్నటిది కాదు. 1957లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకుడు మహలనోబిస్ పిలుపు మీద లండన్ నుంచి పమేలా రాబిన్సన్ వచ్చి, ఆ సంస్థలో భూవిజ్ఞాన విభాగానికి పునాది వేశారు. దాని ఫలమే ప్రాణహిత-గోదావరి లోయలో 1961లో తవ్వితీసిన బరపాసారస్ అనే డైనోసార్. మన భూవిజ్ఞాన సర్వే సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో వర్ణించిన కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. ఒక్కసారి వెళ్లి చూడండి. 2025 నాటి వ్యాసం రాయల్ సొసైటీ ఓపెన్ సైన్స్ పత్రికలో వచ్చింది కాబట్టి పైసా కట్టకుండా ఆసిఫాబాద్‌లోనే చదువుకోవచ్చు. ఆ ఎముకల నమూనాలు మీ జిల్లా కేంద్రంలో కూడా ఉండాలని అడిగే హక్కు మీకుంది. అడగండి.

ప్రశ్న: గుంజాల గోండి లిపి కంప్యూటర్లోకి వచ్చిందని విని పిల్లలకు వాట్సాప్‌లో పంపాను. కొందరి ఫోన్లలో ఖాళీ డబ్బాలు కనిపిస్తున్నాయి. లోపం ఎక్కడ?
- ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు, నార్నూర్

జవాబు: లోపం లిపిలో లేదు, మీ టైపింగ్‌లో లేదు. ఆ ఫోన్లలో ఫాంట్ లేదు, అంతే. లిపి ఫోనుదాకా రావాలంటే మూడు మెట్లెక్కాలి. మొదటిది, ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక సంఖ్య. గుంజాలలో దొరికిన రాతప్రతులను ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చాక, అంశుమన్ పాండే యూనికోడ్ సంస్థకు ప్రతిపాదన రాశారు. 2018 జూన్‌లో వచ్చిన యూనికోడ్ 11లో ఈ లిపి చేరింది. మధ్యప్రదేశ్ వైపు పుట్టిన మసారం గోండి లిపి అంతకు ఏడాది ముందే చేరింది. రెండో మెట్టు ఫాంట్. నోటో అనే ఫాంట్ల కుటుంబంలో గుంజాల గోండి ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. మూడోది కీబోర్డు. పాత ఫోన్లలో ఫాంట్ ఉండదు కాబట్టి, పాఠాన్ని పీడీఎఫ్ చేసి పంపండి. అక్షరాలు దానితోపాటే వెళ్తాయి.

అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే గజిబిజిగా కనిపించడం మీకు అనుభవమే. ఎవరి ఫాంట్ వాళ్లదైతే అంతే. యూనికోడ్ సంఖ్యలు ఏ కంపెనీ సొత్తూ కావు. వాటికి రుసుము లేదు. రేపు మీ బడిపిల్లలు రాసిన గోండి కథ యాభై ఏళ్ల తర్వాత కూడా తెరుచుకోవాలంటే దాన్ని ఆ సంఖ్యల్లోనే రాసి దాచండి. ఫాంట్‌లో ఒత్తులు, గుణింతాలు తప్పుగా కనిపిస్తే తయారీదారులకు తెలియజేయండి. ఆ లిపిని చదవగలిగిన పెద్దలు మీ మండలంలోనే ఉన్నారు. వాళ్లు చెప్పే దిద్దుబాటు కన్నా విలువైనది మరొకటి లేదు.

ప్రశ్న: మా ఇంట్లో తాతల నాటి పచ్చజొన్న విత్తనం ఉంది. పటాన్‌చెరు విత్తన బ్యాంకుకిస్తే కంపెనీలు ఎత్తుకపోతయని అంటున్నరు. ఇయ్యాల్నా, వద్దా?
- రైతు, బోథ్

జవాబు: ఇవ్వండి. కానీ ముందు మీ హక్కు రాయించుకుని ఇవ్వండి.

మీరన్న పటాన్‌చెరు బ్యాంకు 1972లో మొదలైన ఇక్రిశాట్ సంస్థది. అందులో 144 దేశాల నుంచి తెచ్చిన లక్షా 20 వేలకు పైగా విత్తన నమూనాలున్నాయి. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ అక్కడి ప్రధాన పంటలు. అవి ఇక్రిశాట్ సొంతం కావు. 2004లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం కింద ప్రపంచం తరఫున కాపాడుతున్న నిధి. ఆ విత్తనం తీసుకునేవాళ్లు ఒక పత్రం మీద సంతకం పెట్టాలి. తీసుకున్న విత్తనాన్ని అదే రూపంలో తమ సొత్తుగా చేసుకుని ఇతరులకు అందకుండా చేయకూడదని అందులో ఉంది. దాని నుంచి కొత్త రకం పుట్టించి, దాన్ని ఇతరులు పరిశోధనకు వాడకుండా అడ్డుకునే కంపెనీ అమ్మకాల్లో కొంత భాగాన్ని ఉమ్మడి నిధికి కట్టాలి. కట్టించడం మాత్రం అంత తేలిక కాదు. అందుకే మీ భయాన్ని నేను తీసిపారేయను.

మీరు చేయాల్సినవి రెండు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద మీ జొన్నను రైతు రకంగా నమోదు చేయించండి. రైతులకు రుసుము లేదు. ఆదిలాబాద్ కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లను అడిగితే దారి చూపుతారు. మీ ఊరి జీవవైవిధ్య కమిటీ రిజిస్టరులో కూడా ఎక్కించండి. విత్తనం ఇచ్చినా ఇంట్లో గింజ తరగనివ్వకండి. ఏటా కొంత విత్తుకోండి. కరవులు, కల్లోలాలు దాటిన ఇథియోపియా, సోమాలియా, సూడాన్ వంటి దేశాలు పోగొట్టుకున్న విత్తనాలు పటాన్‌చెరు నుంచే తిరిగి వెళ్లాయి. మీ గింజకూ అలాంటి అండ ఉండటం మంచిదే.

ప్రశ్న: మాది ప్రైవేటు కాలేజీ. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ మాకు రాలేదు. విద్యార్థులకు పరిశోధన పత్రాలు ఎక్కడ చూపించాలి? వాళ్ల ప్రాజెక్టు డేటా ఎక్కడ దాచాలి?
- అధ్యాపకురాలు, కరీంనగర్

జవాబు: ఆ పథకానికి కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల నుంచి సుమారు 13,000 పత్రికలు వస్తాయి. ప్రస్తుతం ప్రభుత్వ సంస్థలకే పరిమితం. శాతవాహన విశ్వవిద్యాలయ విద్యార్థికి అందే పత్రిక పక్క వీధిలోని మీ విద్యార్థికి అందదు. చందా కట్టి తెచ్చుకున్న చదువుకు ఈ హద్దు తప్పదు. చందా ఆగిన రోజు ఉన్నవాళ్లకీ తలుపు మూసుకుంటుంది.

హద్దు లేని దారులు ఇవి. భౌతిక, గణిత, కంప్యూటర్ శాస్త్రాలకు 1991 నుంచి నడుస్తున్న ఆర్కైవ్ ఉంది. ఉచితంగా చదవదగిన పత్రికల పట్టిక డీఓఏజే. మన దేశపు పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలకు శోధ్‌గంగ. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలు కూడా తెరిచే ఉన్నాయి. డేటా దాచడానికి జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థ 2013 నుంచి నడుపుతున్న జెనోడో మేలు. ఒక్కో దాఖలుకు 50 జీబీ దాకా ఉచితం, శాశ్వత గుర్తింపు సంఖ్య కూడా ఇస్తారు. పరాయి ఇంట్లో తలదాచుకుంటున్నామన్న మొహమాటం అక్కర్లేదు. భారత్ 2017 నుంచి సెర్న్‌లో అనుబంధ సభ్యదేశం, ఏటా తన వాటా కడుతోంది. అయితే ఉచితంగా చదివించే పత్రికలన్నీ ఒకటి కావు. కొన్ని రచయిత దగ్గర లక్షల్లో వసూలు చేస్తాయి. ఇటు పాఠకుడి దగ్గర, అటు రచయిత దగ్గర ఏమీ తీసుకోని పత్రికలకు రాయమని మీ పిల్లలకు చెప్పండి.

ప్రశ్న: కవ్వాల్ అడవిలో పక్షులను చూసి ఈబర్డ్‌లో నమోదు చేస్తుంటాను. బెజ్జూరు రాబందుల గూళ్ల చోటు కూడా పెట్టాలా? అంతా తెరిచి ఉంచడమే మంచిదంటారు కదా!
- అటవీ గైడు, జన్నారం

జవాబు: గూటి చోటు బయట పెట్టకండి. అది అటవీ శాఖకు చెప్పండి. యునెస్కో సభ్యదేశాలు 2021 నవంబరులో ఆమోదించిన ఓపెన్ సైన్స్ సిఫార్సు కూడా అంతరించే జాతుల రక్షణ, ఆదివాసుల సంప్రదాయ జ్ఞానం వంటి చోట్ల హద్దు ఉండాలనే చెబుతుంది. వేట ముప్పున్న కొన్ని జాతుల కచ్చితమైన చోటును ఈబర్డ్ తానే దాచిపెడుతుంది. అయినా మొదటి జాగ్రత్త మీదే. గోండు పెద్దలు చెప్పిన మందుమొక్క చోటు విషయంలోనూ వాళ్ల అనుమతి ముందు, నమోదు తర్వాత.

మిగతా పక్షులన్నీ రాయండి. మామూలు పిచ్చుకైనా సరే. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక 30 వేలకు పైగా మీలాంటి పరిశీలకులు రాసిన సుమారు 3 కోట్ల నమోదులతో 942 జాతుల పరిస్థితిని అంచనా కట్టింది. 2013లో బెజ్జూరు అడవిలోని పాలరాపుగుట్ట మీద పొడుగుముక్కు రాబందులు కనిపించినప్పుడు అంత సంబరపడింది ఎందుకు? దేశంలో వాటి సంఖ్య నూటికి మూడు నాలుగు మాత్రమే మిగిలేంతగా పడిపోయింది కనుక. పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందే కారణమని 2004లో పాకిస్తాన్‌లో చేసిన పరిశోధన తేల్చింది. 2006లో భారత్ పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. సరిహద్దు అవతల తేలిన నిజం బెజ్జూరు గుట్ట మీది పక్షికి ఆయుష్షు పోసింది.

ప్రశ్న: గోదావరి వరదలో మా పొలాలు మునిగినప్పుడు ఏ మేర మునిగాయో చూపే ఉపగ్రహ చిత్రాలు మామూలు జనం తీసుకోవచ్చా?
- యువకుడు, మంథని

జవాబు: తీసుకోవచ్చు. వరద రోజుల్లో మబ్బు కమ్ముతుంది కాబట్టి మామూలు కెమెరా చిత్రాలు పనికిరావు, రాడార్ చిత్రాలు కావాలి. ఐరోపా వాళ్ల సెంటినెల్-1 చిత్రాలు 2014 నుంచి ఉచితం. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నిసార్ ఉపగ్రహంలో ఒక రాడార్ ఇస్రోది, మరొకటి నాసాది. దాని డేటా కూడా అందరికీ తెరిచి ఉంచాలన్నది ఒప్పందం. 12 రోజులకోసారి అదే చోటిని చూస్తుంది. నేల కొన్ని సెంటీమీటర్లు కుంగినా పట్టుకోగలదు కాబట్టి రామగుండం బొగ్గు గనుల ప్రాంతానికి కూడా పనికొస్తుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. 12 రోజులకోసారి వచ్చే చిత్రం రేపటి వరదను చెప్పదు. హెచ్చరికకు కేంద్ర జల సంఘం నీటిమట్టాలనే చూడాలి. ఉపగ్రహ చిత్రం మునిగిన మేరకు సాక్ష్యం. పరిహారం కోసం అర్జీ పెట్టేటప్పుడు దాన్ని జతచేయండి.

ప్రశ్న: ఇవన్నీ ఉచితమంటున్నారు. ఖర్చు ఎవరు పెడుతున్నారు? పెట్టేవాళ్లు మానేస్తే?
- విశ్రాంత ఉద్యోగి, జగిత్యాల

జవాబు: అన్ని ఉత్తరాల్లోకీ గట్టి ప్రశ్న మీది. మన ఊరి చెరువు అందరిదీ. అయినా తూము చూసే నీరటికాడు, మత్తడి బాగుచేసే చేతులు లేకపోతే నాలుగు వానలకు కట్ట తెగుతుంది. వీటికీ అంతే. వాడుకునేవాడికి ఉచితం, కాపాడేవాడికి కాదు.

ఒక్కరి డబ్బు మీద ఆధారపడితే ఏమవుతుందో 2025లో చూశాం. పేద దేశాల తల్లీబిడ్డల ఆరోగ్యం మీద నలభై ఏళ్లుగా సాగిన డీహెచ్‌ఎస్ సర్వేలకు అమెరికా సాయం ఒక్కసారిగా ఆగింది. పని కుంటుపడింది. నలుగురూ కలిసి కాపాడితే ఏమవుతుందో కూడా చూశాం. సిరియా యుద్ధంలో అలెప్పో విత్తన బ్యాంకు అందకుండా పోయింది. ముందుచూపుతో నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచు భాండారంలో దాచిన నకళ్లను 2015లో వెనక్కి తీసుకుని, లెబనాన్, మొరాకోలలో పండించి, 2017లో మళ్లీ అక్కడ దాచారు. పటాన్‌చెరు విత్తనాలకూ స్వాల్‌బార్డ్‌లో నకళ్లున్నాయి. ఒకటికి రెండు చోట్ల నకలు, ఒకరికి నలుగురు దాతలు. ఈ రెండూ ఉన్న భాండారమే నిలుస్తుంది.

మనం ఏం చేయగలం? గ్రంథాలయ బడ్జెట్‌లో నూటికి రెండున్నర రూపాయలు ఇలాంటి ఉమ్మడి సౌకర్యాలకు కేటాయించాలని 2017లో డేవిడ్ లూయిస్ అనే అమెరికా గ్రంథపాలకుడు ప్రతిపాదించాడు. మన దేశం పత్రికల చందాలకు పెడుతున్న 6,000 కోట్లకు ఆ లెక్క కడితే 150 కోట్లు. ఆ సొమ్ముతో మన భాషల లిపులకు ఫాంట్లు, మన శిలాజాలకు త్రీడీ నకళ్లు, మన పత్రికలకు ఉచిత వేదికలు నడపవచ్చు. ప్రపంచ భాండారాలకు మన వాటా చెల్లించి, వాటి నిర్వహణలో మాటకు చోటు అడగవచ్చు. చందా డబ్బు ఏడాది గడిస్తే ఖర్చయిపోతుంది, ఈ డబ్బు ఆస్తిగా మిగులుతుంది. మీ ఎమ్మెల్యేనూ ఎంపీనీ కలిసినప్పుడు రోడ్డు, బస్సు అడిగినట్టే దీన్నీ అడగండి.