ఇంగ్లండున క్రికెట్టు: నేటి స్థితి, రేపటి గతి

క్రికెట్టు ఆటకు పుట్టినిల్లు ఇంగ్లండు. ఆ దేశపు దక్షిణభాగమున హాంప్‌షైరు అను కౌంటీ కలదు. కౌంటీ యనగా ఇంచుమించు మన జిల్లా వంటిది. అందలి హాంబుల్డన్ అను చిన్న గ్రామమున పదునెనిమిదవ శతాబ్దిలో నెలకొన్న క్రికెట్టు సంఘము ఆనాటి జట్లలో మేటియై వెలసినది. 1787లో లండనునందు మేరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బు ఏర్పడి, మరుసటి యేడే ఆటకు నియమావళిని ప్రకటించెను. 1890 నుండి కౌంటీల నడుమ పోటీలు అధికారికముగా జరుగుచున్నవి. నేడు ప్రథమశ్రేణి కౌంటీలు 18.

తెలుగువారికి ఆ మైదానములతో గల పరిచయము క్రొత్తది కాదు. 1932 జూన్ నెలలో లార్డ్సు మైదానమున భారతదేశము తన మొట్టమొదటి టెస్టు ఆడినపుడు నాయకత్వము వహించిన సి.కె. నాయుడు నాగపురమున జన్మించిన తెలుగువాడు. స్వరాష్ట్రమునకు వెలుపల స్థిరపడిన తెలుగు కుటుంబములనుండి ఎట్టివారు వచ్చిరో మన విద్యార్థులు తెలిసికొనుట మేలు.

ఇంత చరిత్ర గల ఆట నేడు ఇంగ్లండున ఎట్లున్నది? పైకి చూచిన లోపమేమియు కానరాదు. ఇరువది ఓవర్ల ఆటను 2003లో కౌంటీల పోటీగా నడపి లోకమునకు చూపినది ఇంగ్లండే. 2019 జూలై 14వ తేదీన లార్డ్సులో న్యూజిలాండుతో జరిగిన ప్రపంచకప్పు అంతిమపోటీ సమానమై, దానిని తేల్చుటకై ఆడిన సూపర్ ఓవరు కూడ సమానమై, తుదకు బౌండరీల లెక్కపై ఇంగ్లండు గెలిచెను. 2022లో ఇరువది ఓవర్ల ప్రపంచకప్పు కూడ వారికే దక్కెను. ఐనను అచ్చటి క్రీడాభిమానులలో ఆలోచనాపరులు కలతపడుచున్నారు. వారి కలతకు కారణము ఓటములు మాత్రమే కాదు. ఆట నేర్చుకొను అవకాశము ఏ కొద్దిమంది పిల్లలకో దక్కుచున్నదనుటయే అసలు కారణము.

ఇచ్చట ఒక మాటను విప్పి చెప్పవలెను. ఇంగ్లండున ‘పబ్లిక్ స్కూలు’ అనగా ప్రజల పాఠశాల కాదు. హెచ్చు రుసుము చెల్లింపగల కుటుంబముల పిల్లలు చదువు ప్రైవేటు పాఠశాల. ఈటన్, హారో అట్టివి. పేరు విన్న మనవారు మోసపోవుదురు! దేశములోని పిల్లలలో ఇంచుమించు నూటికి ఏడుగురు మాత్రమే రుసుము బడులలో చదువుదురు. కాని 2021లో ఇంగ్లండు పురుషుల జట్టున ఆడినవారిలో సగమునకు మించినవారు అట్టి బడులనుండి వచ్చినవారేయని 2023 జూన్‌లో వెలువడిన ఒక స్వతంత్ర సంఘపు నివేదిక తెలిపెను. జాతిభేదము, స్త్రీలపట్ల చిన్నచూపు, ధనిక వర్గపు ఆధిక్యము ఆటలో విస్తారముగా నున్నవని కూడ ఆ నివేదిక నిర్మొహమాటముగా పేర్కొనెను.

పూర్వము మాత్రము భేదములు లేవా యందురేమో. ఉండెను. జీతము గైకొనక ఆడు ‘జెంటిల్‌మెన్’ ఒక తెగ, జీతమునకై ఆడు ‘ప్లేయర్సు’ వేరొక తెగ. ఈ విభజన 1962లో గాని రద్దు కాలేదు. కాని ఆ జీతగాండ్ర వరుసలోనికి గనులనుండి, మిల్లులనుండి యువకులు ఎడతెగక వచ్చుచుండిరి. వేగమున కెల్ల పేరుమోసిన హెరాల్డ్ లార్‌వుడ్ నాటింగ్‌హాంషైరు బొగ్గుగనిలో పనిచేసినవాడు. యార్క్‌షైరుకు చెందిన ఫ్రెడ్ ట్రూమన్ గనికార్మికుని కుమారుడు. గనికొక జట్టు, మిల్లునకొక జట్టు, చర్చికొక జట్టు ఉండెడివి. గనులు మూతపడిన వెనుక అట్టి సంఘములు పెక్కు చెదరిపోయెను. పలు ప్రభుత్వ పాఠశాలల ఆటస్థలములు అమ్ముడుపోయెను. ఫుట్‌బాలునకు బంతియొకటి యున్న చాలును. క్రికెట్టునకు చదునుచేసిన పచ్చికయు, రోలరును, దానిని కనిపెట్టుకొని యుండు పనివాడును, బ్యాటు, ప్యాడ్లు కొనుటకు డబ్బును, వీనికి మించి సగము దినపు తీరికయు కావలెను. రుసుము బడులకు ఇవన్నియు కలవు.

ఇంగ్లండు పక్షమున టెస్టులలో అందరికంటె ఎక్కువ పరుగులు చేసిన జో రూట్ మొదట షెఫీల్డు నగరపు ప్రభుత్వ పాఠశాలలో చదివినవాడే. కాని పదునైదేండ్ల ప్రాయమున క్రికెట్టు విద్యార్థివేతనముపై ఒక రుసుము బడిలో చేరెను. ప్రతిభ గల బీదబాలుని గుర్తింపగనే ఆ బడి తనలోనికి లాగికొనును. అది ఆ బాలునకు మేలే. వాడు విడిచివచ్చిన బడికి మాత్రము ఏమియు మిగులదు.

నేర్చుకొనుటకు ముందు చూడవలెను గదా. 2005లో ఇంగ్లండు ఆస్ట్రేలియాపై ఆషెస్ గెలిచినపుడు ఆ ఆట రుసుము లేకయే ఇంటింట టెలివిజనులో కనబడెను. ఒకానొక సమయమున 80 లక్షలకు పైగా జనులు చూచుచుండిరి. మరుసటి యేటినుండి స్వదేశపు టెస్టుల ప్రత్యక్షప్రసారము చందా చెల్లించువారికే పరిమితమయ్యెను. బోర్డునకు ధనము వచ్చెను. ఆటగాండ్ర జీతములు పెరిగెను. చందా కట్టలేని ఇంటి బాలునకు మాత్రము తన దేశపు కప్తాను ముఖమైనను తెలియకుండ పోయెను.

ఇక కౌంటీ పోటీల స్థితి. నాలుగుదినముల ఈ పోటీయే టెస్టు ఆటగానిని తీర్చిదిద్దు పాఠశాల. ఆగస్టులో ఎండ కాసి నేల ఎండినపుడు గదా స్పిన్నరు చేయి పదునెక్కునది! 2021లో ఒక్కొక్క పక్షమునకు నూరు బంతుల ‘హండ్రెడ్’ పోటీ ప్రవేశపెట్టి, ఆ ఆగస్టును దానికి కట్టబెట్టిరి. కౌంటీ మ్యాచులలో పెక్కు ఏప్రిల్, మే, సెప్టెంబరు మాసములకు నెట్టబడినవి. చలిగాలిలో, తడి పచ్చికపై మధ్యమ వేగముతో బంతిని అటునిటు కదల్చువాడే అచ్చట రాజు. అట్టివాడు ఆస్ట్రేలియాలోని గట్టినేలపై నిస్సహాయుడగును. 2010–11లో గెలిచిన పిమ్మట ఇంగ్లండు ఆ దేశమున 2013–14లో 5–0గను, 2017–18లో 4–0గను, 2021–22లో 4–0గను ఓడెను. 2025–26లోను సిరీస్ కోల్పోయెను. బెన్ స్టోక్సు, శిక్షకుడు బ్రెండన్ మెకల్లమ్ 2022 నుండి నేర్పిన దూకుడు చూచుటకు ముచ్చటయే, కాని లేని బౌలర్లను అది పుట్టింపజాలదు.

హండ్రెడ్‌ను వట్టి తెగడుటయు న్యాయము కాదు. ఒకే దినమున, ఒకే మైదానమున స్త్రీల జట్లును పురుషుల జట్లును ఆడుటచే బాలికలకు లభించిన ప్రోత్సాహము గొప్పది. స్త్రీల తొలి ప్రపంచకప్పు 1973లో, పురుషులకంటె రెండేండ్లు ముందుగా, ఆ దేశముననే జరిగినది. 2017లో హైదరాబాదు క్రీడాకారిణి మిథాలీ రాజ్ నాయకత్వమున మనవారు లార్డ్సులో 9 పరుగుల తేడాతో ఓడిన అంతిమపోటీ పాఠకులకు గుర్తుండును.

2025లో హండ్రెడ్ జట్లు ఎనిమిదింటి వాటాలు అమ్మగా 50 కోట్ల పౌండ్లకు పైగా పోగయ్యెను. హైదరాబాదు పేరుతో ఐ.పి.ఎల్. ఆడు సన్‌రైజర్సు జట్టు యజమానులే లీడ్సు జట్టును పూర్తిగా కొనిరి. హాంబుల్డన్ గ్రామము గల హాంప్‌షైరు కౌంటీ క్లబ్బును 2024లో చేజిక్కించుకొన్న జి.ఎం.ఆర్. సంస్థ స్థాపకుడు ఉత్తరాంధ్రలోని రాజాం వాసి. అమ్మకపు ధనములో అధికభాగము కౌంటీలకును, సుమారు పదవవంతు పల్లె పట్టణముల క్లబ్బులకును కేటాయింపబడెను. కౌంటీలలో కొన్నింటికి పాత అప్పులు తీర్చుటయే తొలి పని. పదవవంతు చాలదని నా అభిప్రాయము.

ఆశకు తావు లేకపోలేదు. దక్షిణాసియా సంతతివారు వినోదమునకై ఆడువారిలో మూడవవంతు వరకు ఉన్నను వృత్తిక్రీడాకారులలో అరుదు. వారికై 2022లో బర్మింగ్‌హామ్ నగరమున ఆరంభమైన అకాడమీనుండి పలువురు యువకులు ఇప్పటికే కౌంటీ జట్లలో చేరిరి. కౌంటీలును 2025లో ఒక్కొక్క జట్టునకు 14 మ్యాచుల పద్ధతిని తగ్గింపక నిలుపుకొనిరి. చందా టెలివిజనుతో బోర్డు చేసికొన్న ఒప్పందము 2028తో ముగియును. పెద్దమొత్తమునకు మరల సంతకము చేయుదురో, వేసవికి ఒక్క టెస్టునైన అందరి ఇండ్లకు పంపుదురో అప్పుడు తేలవలసి యున్నది.